బిడ్డకు అరగని చక్కెర

శ్రోతలకు నమస్కారం.

తల్లిపాలలో ఒక రకం చక్కెర ఉంటుంది. అది బిడ్డకు అరగదు. పుట్టిన నాడూ అరగదు, ఆరు నెలలకూ అరగదు. అయినా లీటరు పాలకు 5 నుంచి 15 గ్రాముల దాకా ఆ చక్కెర ఊరుతూనే ఉంటుంది. కాన్పయిన తొలి రోజుల్లో వచ్చే ముర్రుపాలలోనైతే 20 గ్రాములు కూడా దాటుతుంది. ఆవుపాలలో వెతికితే నామమాత్రం. బాలింత తన ఒంట్లో సత్తువ ఖర్చుపెట్టి, బిడ్డకు అరగని దాన్ని ఇంతగా ఎందుకు ఇస్తున్నట్టు?

ఆ చక్కెర తినేవాళ్లు వేరే ఉన్నారు. బిడ్డ పేగుల్లో కాపురం పెట్టే మంచి బ్యాక్టీరియా. పేరు బిఫిడోబ్యాక్టీరియా. 1899లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ టిసియే అనే ఆయన, తల్లిపాలు తాగే బిడ్డల మలంలో వీటిని గుర్తించాడు. అవి ఆ చక్కెరను తిని పులుపు వదులుతాయి. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం, వినిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లం. పేగు పుల్లబడితే విరేచనాలు తెచ్చే చెడ్డ క్రిములు అక్కడ సులభంగా పెరగలేవు.

మన అనంతపురం రైతుకు ఇది కొత్త సంగతేం కాదు. శెనక్కాయ చెట్టు పెరికి వేళ్లు చూడండి, చిన్నచిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండేదీ బ్యాక్టీరియానే. చెట్టు తాను చేసుకున్న చక్కెరలో కొంత వాటికి పెడుతుంది, అవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తాయి. పెట్టి పోషించుకోవడం ఆ చెట్టుకు తెలుసు, తల్లి ఒంటికీ తెలుసు. నాకు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యమే.

ఈ బ్యాక్టీరియా ఎక్కడినుంచి వస్తుందంటారా? ఎక్కువగా తల్లి నుంచే. కాన్పు దారిలో, ఆమె పేగుల నుంచి, చర్మం నుంచి, పాల నుంచి. సిజేరియన్ బిడ్డకు ఆ మొదటి వాటా కొంత తగ్గుతుంది. రెండు మూడేళ్లకు పిల్లల పొట్ట పెద్దవాళ్ల పొట్టలాగే తయారవుతుంది. టైం తక్కువ కాబట్టి ఆ కథంతా వదిలేసి, ఒక్క మాట దగ్గరికొస్తాను.

బిడ్డ నోట్లో మొదట పడాల్సింది ముర్రుపాలు. తేనె వద్దు, చక్కెరనీళ్లు వద్దు, గాడిదపాలు అసలే వద్దు. గాడిదను తోలుకుని వీధిలోకొచ్చి, చెంచాడు పోస్తే ఆయాసం రాదని చెప్పేవాళ్లున్నారు. కాచని పాలు, కడగని చెంచా! పసిబిడ్డకు అంత ధైర్యంగా ఎలా పోస్తారో నాకు అర్థం కాదు. తేనె సంగతైతే మరీ ముఖ్యం, ఏడాది నిండేదాకా నాకించకూడదు. అందులో ఉండే ఒక రకం క్రిమి పసిబిడ్డల నరాలను చచ్చుబడేలా చేయగలదు.

వార్డులో జేజిలు నన్ను నిలదీస్తుంటారు. "పాలింకా పడలేదు కదప్పా, అంతదాకా బిడ్డ నోరు ఎండబెట్టాల్నా?" అని. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కానీ జేజీ, తొలిరోజు ఆ బిడ్డ పొట్టకు ఒక్కోసారికి ఒక చిన్న చెంచాడు చాలు. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ఆ నాలుగు చుక్కలే పాలు పడటమంటే. పిండి పారబోయొద్దు. మే నెల ఎండలో కూడా ఆరు నెలలదాకా విడిగా నీళ్లు అక్కర్లేదు, తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. డాక్టరు రాసిన మందులూ చుక్కలూ మాత్రం ఆపొద్దు.

పుట్టిన గంటలోపు రొమ్ముకు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సిజేరియన్ అయితే తల్లి లేచి కూర్చునేదాకా ఆగక్కర్లేదు. పడుకునే పాలివ్వచ్చు, నర్సమ్మను అడిగితే బిడ్డను పక్కన సర్ది పట్టిస్తుంది. బిడ్డను వేరే గదిలో పెట్టారా, ముర్రుపాలు చేత్తో శుభ్రమైన గిన్నెలోకి పిండిస్తే చెంచాతో పోస్తారు. అడగండి. మొహమాటపడకుండా అడగండి.