18 కుర్చీల సభలో హ్యామర్ డెరాబర్ట్

అందరికీ నమస్కారం.

ఇవాళ మాట్లాడుకోబోయే మనిషి పేరు మన దగ్గర పెద్దగా వినపడదు. హ్యామర్ డెరాబర్ట్, నౌరు దేశానికి తొలి అధ్యక్షుడు. నౌరు అంటే భూమధ్యరేఖకు కాస్త దక్షిణంగా పసిఫిక్ మహాసముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల దీవి. మండలం మాట అటుంచండి, మన పెద్ద పంచాయతీలు కొన్ని అంతకన్నా విశాలంగా ఉంటాయి. అయినా ఆ దేశంతో మనకొక ఎరువుల చుట్టరికం ఉంది. డెరాబర్ట్ అధ్యక్షుడిగా ఉండగా 1981లో భారత ప్రభుత్వం, నౌరు ప్రభుత్వం కలిసి ఒడిశాలో పారాదీప్ ఫాస్ఫేట్స్ కంపెనీని పెట్టాయి. నౌరు ఆ తర్వాత తన వాటా వదులుకుంది. కంపెనీ మాత్రం ఇప్పటికీ డీఏపీ తయారు చేస్తూనే ఉంది.

ఆయన రాజకీయ జీవితం అర్థం కావాలంటే రెండు లెక్కలు తెలియాలి. ఒకటి టన్నుల లెక్క, రెండోది తలల లెక్క. మొదటి దాంట్లో ఆయన్ని మించినవాడు ఆ ప్రాంతంలో లేడు. రెండోది ఆయన్ని పదేపదే కుర్చీలోంచి దింపింది.

ముందు టన్నులు. నౌరు నడిమధ్య మిట్ట ప్రాంతమంతా ఒకప్పుడు మేలురకం ఫాస్ఫేటు, అంటే ఎరువుల తయారీకి వాడే ఖనిజం. పగడపు సున్నపురాయి స్తంభాల్లా నిలబడి ఉంటుంది, ఆ స్తంభాల సందుల్లో ఖనిజం దట్టించి ఉంటుంది. క్రేన్ దవడలతో సందుల్లోది తోడేస్తే ఖాళీ స్తంభాలు మిగులుతాయి. వాటి మీద నడవలేం, దున్నలేం, ఇల్లు కట్టలేం. తవ్విన సరుకును ఆరబెట్టి, ఐవో తీరంలో సముద్రం మీదికి చాచిన ఇనుప చేతుల ద్వారా ఓడలోకి పోస్తారు. దీవికి సహజమైన రేవు లేదు. తీరం దాటగానే నీళ్ళు అంతులేని లోతు. పడమటి గాలి తిరిగిందంటే ఓడలు నింపుకోవడం మానేసి దూరంగా వెళ్ళి తేలుతూ కాచుకోవాల్సిందే. ఆ దేశపు ఆదాయం మొత్తం ఈ ఒక్క సన్నటి దారిలోంచే వచ్చేది.

గనుల తొలిరోజుల్లో భూమి యజమానికి దక్కింది టన్నుకు అర పెన్నీ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గనులు బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఉమ్మడిగా నడిపే బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్ల చేతికి వచ్చాయి. ఆ కమిషనర్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రైతులకు ఫాస్ఫేటును ప్రపంచ మార్కెట్ ధరకన్నా తక్కువకు అందించేవారు. ఆ చవకకు మూల్యం చెల్లించింది నౌరు భూమి.

డెరాబర్ట్ 1922లో పుట్టాడు, చదువుకున్నది ఆస్ట్రేలియాలోని గీలాంగ్‌లో. జపాన్ సేనలు 1942లో దీవిని ఆక్రమించి, మరుసటి ఏడాది సుమారు 1,200 మంది నౌరువాసులను పసిఫిక్‌లోనే ఉన్న ట్రక్ (ఇప్పటి చుక్) అనే దీవులకు తరలించాయి. అందులో ఆయనా ఉన్నాడు. 1946 జనవరి 31న తిరిగి ఒడ్డుకు చేరినవాళ్ళు 737 మంది. 22 ఏళ్ళ తర్వాత స్వాతంత్ర్యానికి సరిగ్గా ఆ తేదీనే ఎంచుకున్నారంటే ఆ 737 అనే అంకె వాళ్ళకు ఏమిటో తెలుస్తుంది. యుద్ధం తర్వాత డెరాబర్ట్ బడిపంతులుగా పనిచేశాడు. 1955లో స్థానిక పాలక మండలికి ఎన్నికై, 1956లో దాని అధినేత అయ్యాడు.

మండలికి చేతిలో ఉన్న అధికారం తక్కువే. కానీ ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వంలో, అంటే సమితి పర్యవేక్షణలో ఆస్ట్రేలియా పాలించే ప్రాంతం కనుక ఏటా అక్కడ నివేదిక వినిపించక తప్పదు. ఆ వేదికను డెరాబర్ట్ బాగా వాడుకున్నాడు. 1960ల మొదట్లో ఆస్ట్రేలియా ఒక ఉపాయం చెప్పింది: ఖనిజం అయిపోతే బతకలేరు కదా, అందరూ క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవికి వచ్చేయండి. వినడానికి బాగానే ఉంది. మరి అక్కడ మా పాలన మాదేనా అని ఆయన అడిగాడు. కుదరదు, ఆస్ట్రేలియా పౌరులుగా ఉండాలన్నారు. 1964లో నౌరు ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదే. అప్పటికి నౌరు జాతివాళ్ళు మూడు వేల లోపే. సరే అని ఉంటే మరో రెండు తరాల్లో ఆ జాతి పేరు జనాభా లెక్కల్లో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఫాస్ఫేటు మీద ఆ మూడు దేశాలతో, అంటే బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో కుదిరిన 1967 ఒప్పందంలో ఆయన బేరం చూడండి. ఏటా 20 లక్షల టన్నులు, టన్నుకు 11 ఆస్ట్రేలియా డాలర్లు. దాంతోపాటు గనుల యంత్రాలు, ఆస్తులు 2.1 కోట్ల డాలర్లకు నౌరే కొనేసుకుంటుంది. ఆ సొమ్ము సరుకు అమ్మిన డబ్బులోంచే కడుతుంది. 1970 నాటికి గనులు నౌరు ఫాస్ఫేట్ కార్పొరేషన్ చేతికి వచ్చాయి. ఒక్క విషయం మాత్రం తేలలేదు. 1967 జూలైకి ముందు తవ్వి వదిలేసిన నేలను ఎవరు బాగుచేయాలి? దానికి మళ్ళీ వద్దాం.

ఇప్పుడు తలల లెక్క. 1968 రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో 18 మంది. ఏడు నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి, ఉబెనిడే నుంచి నలుగురు. గడువు మూడేళ్ళు. అధ్యక్షుణ్ణి సభ్యులే తమలోంచి ఎన్నుకుంటారు. మన రాష్ట్రపతి పని, ప్రధాని పని ఒక్కడిదే. మంత్రులు నలుగురో ఐదుగురో.

కాగితం మీద వేసి చూడండి. పది మంది మద్దతుతో ప్రభుత్వం ఏర్పడిందనుకుందాం. అధ్యక్షుడు, ఐదుగురు మంత్రులు, ఆరుగురు పోయారు. ఒకరిని స్పీకరు చేయాలి. ఓట్లు సమానమైతే తప్ప స్పీకరు ఓటు వేయడు. ఇక పదవి లేని మద్దతుదారులు మిగిలేది ముగ్గురు. ఎదుటిపక్షం ఎనిమిది. అవిశ్వాసానికి కావాల్సింది మొత్తం సభ్యుల్లో సగం, అంటే తొమ్మిది. ఆ ముగ్గురిలో ఒక్కడికి కోపం వస్తే చాలు, ప్రభుత్వం పోతుంది. తీర్మానం నెగ్గాక ఏడు రోజుల్లో కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోకపోతే సభే రద్దవుతుంది. గోడ దూకడమని మనం అంటాం. అక్కడ దూకడానికి గోడే లేదు, ఎందుకంటే గట్టి పార్టీలు లేవు. విప్ జారీ చేసేవాడూ లేడు, ధిక్కరించేవాడూ లేడు. ఉన్నది బంధుత్వాలు, ఊళ్ళు, పాత కక్షలు.

పార్టీలు వేళ్ళూనుకోకపోవడానికి ఓటు పద్ధతి కూడా కొంత కారణమేమో అనిపిస్తుంది. 1971లో అప్పటి న్యాయశాఖ కార్యదర్శి, ఐర్లండ్‌లో పుట్టిన డెస్మండ్ డౌడాల్ తయారుచేసిన పద్ధతి ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. ఓటరు అభ్యర్థులందరికీ వరస అంకెలు వేయాలి, ఒక్కరిని వదిలేసినా ఓటు చెల్లదు. ఒకటో అంకెకు 1 మార్కు, రెండుకు అర, మూడుకు మూడో వంతు, అలా తగ్గుతూ పోతుంది. ఓటు వేయడం తప్పనిసరి.

వందమంది ఓటర్లు, ముగ్గురు అభ్యర్థులు అనుకోండి. రాముడికి 45 మంది ఒకటి వేశారు, మిగిలిన 55 మందీ మూడు వేశారు. మొత్తం 63.33. భీముడికి ఒకట్లు 40, రెండులు 60, మొత్తం 70. సోముడికి ఒకట్లు 15, రెండులు 40, మూడులు 45, మొత్తం 50. మన పద్ధతిలో రాముడు గెలిచేవాడు. అక్కడ భీముడు ముందుంటాడు. అంటే అందరి ఇళ్ళల్లోనూ రెండో అంకె తెచ్చుకోవడం ముఖ్యం. ఒక పార్టీ జెండా పట్టుకుని ఊరి సగాన్ని శత్రువు చేసుకుంటే మూడో వంతు మార్కులే గతి. బోయ్ నియోజకవర్గంలో డెరాబర్ట్‌కు ఈ చిక్కు రాలేదు. చిక్కంతా సభలోపల వచ్చింది.

1976 డిసెంబరులో 30 ఏళ్ళ బెర్నార్డ్ డోవియోగో ఆయన స్థానంలో అధ్యక్షుడయ్యాడు. 1978లో డోవియోగో దిగిపోయి, లగుమోట్ హారిస్ కొద్ది వారాలు కూర్చుని, మే నెలలో డెరాబర్ట్ తిరిగొచ్చాడు. 1986 సెప్టెంబరులో బడ్జెట్ గొడవతో ఆయన రాజీనామా చేస్తే కెన్నన్ అడియాంగ్ 9–8 ఓట్లతో గెలిచాడు. రెండు వారాలకే అవిశ్వాసంతో పడిపోయాడు. డిసెంబరు ఎన్నికల తర్వాత అడియాంగ్ మళ్ళీ గెలిచి, కొద్ది రోజులకే మళ్ళీ పడిపోయాడు. 1987 జనవరిలో మరోసారి ఎన్నికలు పెట్టాక గానీ డెరాబర్ట్ కుదురుకోలేదు. చివరికి 1989 ఆగస్టులో అవిశ్వాసం ఆయన్ని దింపేసింది. కెనాస్ అరోయ్ వచ్చాడు.

ఈ రెండు లెక్కలు కలిసే చోటే అసలు నష్టం జరిగింది. ఒక్కడు అలిగితే పడిపోయే ప్రభుత్వం ఖర్చుకు కాదనలేదు. పన్నులు లేవు, వైద్యం ఉచితం. దీవిలో మనుషులు వేలల్లోనే ఉన్నా సొంత జెట్ విమానాలు సగానికి పైగా ఖాళీగా తిరిగేవి. 1977లో మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు. ఆ భవనం చెడ్డ పెట్టుబడేమీ కాదు. దాన్ని తాకట్టు పెట్టి అప్పులు చేయడమే కొంప ముంచింది, 2004లో అది అమ్ముడుపోయింది. ఆ అప్పుల్లో ఎక్కువ భాగం డెరాబర్ట్ తర్వాతివాళ్ళవి. అయితే తవ్విన ఆదాయాన్ని రాజకీయుల చేతికి అందకుండా దాచే కట్టుదిట్టం ఆయన హయాంలోనే చేసి ఉండాల్సింది. బయటివాళ్ళతో పైసా వదలని మనిషి లోపల ఆ తాళం వేయలేకపోయాడు.

పాడైన నేల సంగతి అన్నాను కదా. 1986 చివర్లో శ్రీలంక న్యాయకోవిదుడు క్రిస్టఫర్ వీరమంత్రి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. దాని పని ఆధారంగా 1989 మేలో, అంటే పదవి పోవడానికి మూడు నెలల ముందు, నౌరు ప్రభుత్వం ఆస్ట్రేలియా మీద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. కేసు విచారించే అధికారమే లేదన్న ఆస్ట్రేలియా వాదనను న్యాయస్థానం 1992 జూన్ 26న తిరస్కరించింది. డెరాబర్ట్ ఆ జూలై 15న మెల్‌బోర్న్‌లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా 10.7 కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 5.7 కోట్లు నగదు, మిగతాది 20 ఏళ్ళపాటు ఏటా 25 లక్షల చొప్పున.

తలల లెక్క అంత త్వరగా తెమల్లేదు. 2010 ఏప్రిల్‌లో ఎన్నికలు పెడితే సభ 9–9గా చీలింది. జూన్‌లో మళ్ళీ పెట్టినా ముడి వీడలేదు, అత్యవసర స్థితిలో నవంబరు దాకా ఈడ్చారు. ఆ తర్వాత 2013 ఎన్నికల నాటికి మెనెంగ్ నియోజకవర్గానికి మూడో సీటు ఇచ్చి, సభలో 19వ కుర్చీ వేశారు.