మైకులో గద్దింపు, ఇంటికెళ్ళి గద్దింపు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ పూట నాకిచ్చిన అంశం పాతతరం సంఘ సేవకుల మాట కరుకుతనం. ముందు వరసలో కూర్చున్న పెద్దల్లో కొందరు ఆ తరం వాళ్ళే, వాళ్ళ వెనకాల కాకుండా వాళ్ళ ముందే ఈ మాటలు చెప్పే అవకాశం దొరికినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. అయ్యగారూ, మీ మీద గౌరవం ఉండే మాట్లాడుతున్నాను, తప్పుంటే చివర్లో మీరే సరిచేయండి.

మన సహవాసాల్లో పెరిగినవాళ్ళకి కొత్తగా వర్ణించి చెప్పాల్సిందేం లేదు. ఆదివారం ఆరాధన జరుగుతుంటుంది, ఒక తమ్ముడు లేచి ప్రార్థన చేస్తుంటాడు, కాస్త పొడుగైందనుకోండి, ముందు నుంచి "ఆమేన్, చాలు, కూర్చో" అని వినపడుతుంది. సాక్ష్యం చెప్పడానికి లేచినావిడ వాళ్ళాయన జబ్బు సంగతి మొదట్నుంచీ చెప్పుకొస్తుంటే "అదంతా వద్దమ్మా, ప్రభువు ఏం చేశాడో చెప్పి కూర్చో" అంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే వాక్యం ఆపి మరీ టైమెంతయిందో అడుగుతారు. చెంగు జారితే ఒక మాట, చెవికి కమ్మలుంటే ఒక మాట, చంటిపిల్ల ఏడిస్తే తల్లికి ఒక మాట. ఇందులో చాలావరకు కోపంతో అన్న మాటలు కావు, అది వాళ్ళ మాట్లాడే పద్ధతి, ఇంట్లో కూడా వాళ్ళు అంతే.

నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో మా ఊరి సంఘానికి ఒక పెద్ద సేవకుడు వస్తుండేవారు, పేరెందుకు గానీ, ఆయనవి రెండు సంగతులు చెప్తాను, రెండూ ఒకే మనిషివి అని గుర్తుపెట్టుకోండి.

మా వీధిలో ఒకాయన తాగేవాడు. జీతం రోజు ఇంట్లో పిల్లలు అన్నం తినకుండానే పడుకునేవాళ్ళు. ఒక రాత్రి ఈ సేవకుడు సైకిలు మీద వచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చున్నారు, ఇంట్లోవాళ్ళు మంచినీళ్ళిస్తే తాగి అక్కడే కూర్చున్నారు, ఆ తాగే మనిషి వచ్చేదాకా. వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని, "నిన్ను చూస్తే నీ పిల్లలు భయపడుతున్నారు, అది నాకు తెలుసు నీకూ తెలుసు, ఇంకెన్నాళ్ళు" అన్నారు. అంతే. దానికి ముందు పొగడ్త లేదు, తర్వాత బుజ్జగింపు లేదు. మళ్ళీ వారం వచ్చారు, ఆ పై వారం కూడా వచ్చారు, ఒక్కోసారి మనిషి పడుకున్నాడంటే కూర్చుని ప్రార్థన చేసి వెళ్ళిపోయేవారు. ఆయన తాగుడు మానేశాడు, తర్వాత చాలాకాలం మా సంఘంలో ప్రేమవిందుకి, అంటే కూడిక అయ్యాక అందరూ కలిసి తినే భోజనానికి, అన్నం వండే గుంపులో ఉన్నాడు, పెద్ద గుండిగల దగ్గర చెమటలు కారుతూ నిలబడే ఆ మనిషి నాకు ఇప్పటికీ కళ్ళకి కడతాడు.

రెండోది. డిగ్రీ చదివే ఒక అమ్మాయి, వాళ్ళింట్లో ఎవరూ విశ్వాసులు కారు, స్నేహితురాలితో పాటు కూడికకి రావడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం వాక్యభాగం చదవమని ఎవరో ఆ అమ్మాయికి చెప్పారు, హబక్కూకు, పాత నిబంధన చివర్లో ఉండే చిన్న పుస్తకం. ఆ పిల్లకి హబక్కూకు ఎక్కడుంటుందో తెలీదు, కీర్తనల దగ్గర్నుంచి పేజీలు తిప్పుతోంది, పక్కనున్నావిడ చెయ్యి చాచి చూపించబోతోంది, ఈలోపు ఇదే సేవకుడు మైకులో "బైబిలు తెరవడం రానివాళ్ళు చదవడానికి ముందుకెందుకు వస్తారు" అన్నారు. ఆ అమ్మాయి కూర్చుంది. పేజీలో వేలు అలాగే పెట్టుకుని కూడిక అయ్యేదాకా తల దించుకునే ఉంది. మళ్ళీ రాలేదు. మా అమ్మ వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మ కాఫీ ఇచ్చి "పిల్లకి ఒంట్లో బాలేదండి" అంది, లోపల్నుంచి ఆ అమ్మాయి బయటికి రాలేదు.

అదే గొంతు, అదే కరుకు. ఒకచోట ఒక ఇల్లు నిలబడింది, ఇంకోచోట ఒక ఆత్మ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళుగా నేను ఆలోచిస్తూ వచ్చింది దీని గురించే. నాకర్థమైంది ఏంటంటే తేడా మాటల్లో లేదు, అన్న చోటులో ఉంది. అరుగు మీద మాట్లాడినప్పుడు అవతలి మనిషికి జవాబు చెప్పే వీలుంది, తిరిగి అరిచే వీలు కూడా ఉంది. మైకు ముందు కూర్చున్న పిల్లకి అది లేదు.

ఇప్పుడు కొంతమంది యౌవనస్తులు పాతతరం అంతా మొరటు, వాళ్ళకి ప్రేమ లేదు అని తేల్చేస్తున్నారు, ఆ మాట నేను ఒప్పుకోను. వాళ్ళెలా బతికారో చూడండి. సువార్తికుడు భక్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో మొదలుపెట్టిన సహవాసం, తర్వాత హైదరాబాదులో హెబ్రోను అనే కేంద్రం, అక్కడ్నుంచి మన జిల్లాలకి వచ్చిన సేవకులు, వీళ్ళకి నెల జీతం లేదు. విశ్వాసంతో బతకడం అంటే వాళ్ళకి పాటలో మాట కాదు, మధ్యాహ్నం బియ్యం ఉంటాయో లేదో అన్న సంగతి. నేలమీద చాప వేసుకుని అందరితో కలిసి తిన్నారు, ఏ పేట, ఏ కులం అని చూడకుండా ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు, ఆ రోజుల్లో అదెంత పెద్ద విషయమో ఊళ్ళో పుట్టినవాళ్ళకి తెలుసు. పొద్దున్న మిమ్మల్ని కూడికలో గట్టిగా అన్న మనిషే మధ్యాహ్నం ప్రేమవిందులో మీ పక్కన కూర్చుని "ఇంకాస్త పప్పు వేయించుకో నాన్నా" అనేవాడు. ఆ అన్నం మాటకి విరుగుడుగా పనిచేసేది. విన్నవాళ్ళు కూడా నలభై యాభై మంది, అందరూ ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళు, మాట ఆ పాకలోనే పుట్టి అక్కడే ఆగిపోయేది.

ఇవాళ అది లేదు కదా. మైకు వచ్చింది, సౌండ్ బాక్సులు వచ్చాయి, యూట్యూబ్ లైవ్ వచ్చింది. కూడిక అవ్వగానే సగంమంది బండ్లు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోతున్నారు, ప్రేమవిందు చాలాచోట్ల నెలకోసారి, కొన్నిచోట్ల పొట్లాలు కట్టి ఇస్తున్నారు. విరుగుడు పోయింది, మాట మాత్రం అలాగే ఉంది, పైగా ఆ మాట ఇప్పుడు దుబాయ్‌లో ఉన్న మేనమామ కూడా వింటున్నాడు, ఎవరో కట్ చేసి వాట్సాప్‌లో పెడితే పెళ్ళి సంబంధం వాళ్ళు కూడా వింటున్నారు. చెంగు జారిందని ఒక అమ్మాయిని అందరిలో అంటే పాకలో ఆ మాట సాయంత్రానికి చల్లారేది, ఫోన్‌లో అది చల్లారదు.

వాక్యంలోకి వద్దాం, ఎందుకంటే పెద్దలు ఎప్పుడూ వాక్యంతోనే సమర్థించుకుంటారు, అది మంచిదే. రెండో తిమోతి నాలుగో అధ్యాయం రెండో వచనం మనకందరికీ కంఠతా వచ్చు, "ఖండించుము గద్దించుము బుద్ధి చెప్పుము". దానికి ముందున్న మాట ఎంతమంది చెప్తారు? "సంపూర్ణమైన దీర్ఘశాంతముతో ఉపదేశించుచు" అని ఉంది. దీర్ఘశాంతం పక్కన పెట్టేసి గద్దించుము ఒక్కటే పట్టుకుంటే అది సగం వాక్యం. వారం వారం వచ్చి ఆ అరుగు మీద కూర్చోవడం దీర్ఘశాంతం.

ఇంకోటి, మొదటి తిమోతి ఐదు, ఇరవయ్యో వచనం, "పాపము చేసినవారిని అందరియెదుట గద్దింపుము". బహిరంగంగా అనేవాళ్ళంతా దీన్నే చూపిస్తారు. దయచేసి పంతొమ్మిది కూడా చదవండి, అక్కడ మాట్లాడుతున్నది సంఘ పెద్దల గురించి, ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప పెద్ద మీద నేరం ఒప్పుకోవద్దు అని చెప్పి, ఆ వెంటనే ఈ మాట రాశాడు పౌలు. అంటే అందరి ముందు గద్దింపు అన్నది పెద్దల కోసం! మనం దాన్ని తీసుకెళ్ళి చంటిపిల్ల తల్లి మీద, హబక్కూకు దొరకని పిల్ల మీద పెట్టాం. అదే అధ్యాయం మొదటి రెండు వచనాల్లో ముసలాయన్ని తండ్రిలాగా, యౌవనస్తుల్ని అన్నదమ్ముల్లాగా, పెద్దావిడల్ని తల్లుల్లాగా, అమ్మాయిల్ని అక్కచెల్లెళ్ళలాగా హెచ్చరించమని ఉంది.

ఇంకా చూడండి, అందరిలో గట్టిగా అన్న సందర్భాలు ఎక్కువగా ఎవరి మీద? అంతియొకయలో పౌలు పేతురుని ముఖాముఖిగా ఎదిరించాడు, పేతురు అపొస్తలుడు. బాప్తిస్మమిచ్చు యోహాను మాట పాలకుడైన హేరోదు మీద. ప్రభువు "అయ్యో" అన్నది యూదుల మతనాయకులైన శాస్త్రులు పరిసయ్యుల మీద. అదే ప్రభువు సమరయ స్త్రీతో ఆమె ఐదుగురు భర్తల సంగతి ఎప్పుడెత్తాడు? శిష్యులు తినడానికి కొనుక్కురావడానికి ఊళ్ళోకి వెళ్ళాక, బావి దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీకి "ఇక పాపము చేయకుము" అని చెప్పింది కూడా రాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయాక. కరుకు మాట పైనున్నవాళ్ళ వైపు పోయింది, కింద ఉన్నవాళ్ళతో ఆయన విడిగా మాట్లాడాడు. మన దగ్గర ఇది తిరగబడింది అండి. సంఘం డబ్బు లెక్క చెప్పని పెద్దని అందరిలో ఎవరూ అడగరు, పేద విశ్వాసి ఆలస్యంగా వస్తే మాత్రం మైకులో అడుగుతారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

భూమి అమ్మిన డబ్బు విషయంలో అబద్ధమాడి పేతురు ముందే పడి చనిపోయిన అననీయ సప్పీరా దంపతుల సంగతి ఉంది కదా అని ఒక అన్న టీ తాగేటప్పుడు అడిగాడు. ఉంది. కానీ పేతురు సప్పీరాని ముందు ప్రశ్న అడిగాడు, భూమి ఇంతకే అమ్మారా అని, జవాబు చెప్పనిచ్చాడు. అపొల్లో అనే బోధకుడి సంగతి కూడా చదవండి, అపొస్తలుల కార్యాలు పద్దెనిమిది. సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తున్నాడు, కానీ యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. అకుల ప్రిస్కిల్ల దంపతులు అక్కడ లేచి ఆపలేదు, "అతని చేర్చుకొని" విశదపరిచారు. ఆ తర్వాత అపొల్లో సంఘానికి ఎంత ఉపయోగపడ్డాడో మీకు తెలుసు. ఆ రోజు సమాజమందిరంలోనే "నీకేం తెలుసు కూర్చో" అని ఉంటే?

మన గోదావరి సహవాసాల వేర్లు కూడా కాస్త చూద్దాం. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీతో కలిసి ఇంగ్లాండు నుంచి బయల్దేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు, తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేసినవాళ్ళు, వాళ్ళు డెవాన్ జిల్లా బార్న్‌స్టేపుల్ వైపు నుంచి వచ్చారు. ఆ ఊళ్ళో రాబర్ట్ చాప్మన్ అనే సేవకుడుండేవారు, 1803లో పుట్టి 1902 దాకా బతికారు, ఇంటికొచ్చిన అతిథుల బూట్లు తనే తుడిచేవారు. అదే కాలంలో, వాళ్ళంతా ఉన్న సహోదర (బ్రెదరన్) సంఘాల్లోనే ఇంకో నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ, గొప్ప పండితుడు, కానీ మాట విషయంలో చాలా కటువు. 1845లో ప్లిమత్ సంఘం నుంచి డార్బీ విడిపోయాక చాప్మన్ ఆయనతో మొహం మీదే అన్నారు, విడిపోయేముందు మీరు ఇంకా ఆగాల్సింది అని. ఆరు నెలలు ఆగాను కదా అన్నారు డార్బీ. బార్న్‌స్టేపుల్‌లో అయితే మేం ఆరేళ్ళు ఆగేవాళ్ళం అన్నారు చాప్మన్. చూశారా, ఇంతకంటే సూటిగా ఎవరనగలరు? మెత్తగా ఉండేవాళ్ళు నిజం దాస్తారని కొందరు పెద్దలు అంటుంటారు, చాప్మన్ దాయలేదు, తన సాటి నాయకుడికే చెప్పారు. 1848 నాటికి ఆ సహోదర సంఘాలు రెండుగా చీలిపోయాయి, ఆ చీలిక ఇప్పటికీ ఉంది. గ్రోవ్స్ అయితే 1836లోనే డార్బీకి ఉత్తరం రాశారు, తనతో ఏకీభవించని విశ్వాసుల గురించి, వాళ్ళలోని మంచికి దూరమవడం కన్నా వాళ్ళ చెడునంతా భరించడమే నాకిష్టం అని.

యౌవన సేవకులకి ఒక్క మాట. మీలో కొందరు పాతవాళ్ళ కరుకుని కాపీ కొడుతున్నారు, అలా అంటే జనం "దైవజనుడు ఖండితంగా చెప్పాడు" అంటారని. సైకిలు తొక్కకుండా, అరుగు మీద కూర్చోకుండా ఆ గొంతు మాత్రం తెచ్చుకోవద్దు. ఇంకొందరు పూర్తిగా అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయారు, ఎవరినీ ఏమీ అనరు, ప్రతి ఆదివారం ఆశీర్వాదమే, కట్నం తీసుకున్నవాడికి కూడా ఆశీర్వాదమే. దానికంటే పాత సేవకుడే నయం, "మేలును కోరి స్నేహితుడు గాయములు చేయును" అని సామెతల్లో ఉంది, గాయం చేసే స్నేహితుడు లేని సంఘం కూడా మంచిది కాదు.

పెద్దలకి నా మనవి ఇది, చేతులు జోడించి అడుగుతున్నాను. గద్దించడం మానొద్దు. మత్తయి పద్దెనిమిదిలో ప్రభువు చెప్పినట్టు ముందు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. ఆలస్యంగా వచ్చే కుటుంబం ఉంటే బుధవారం వాళ్ళింటికెళ్ళి ఎందుకు లేటవుతోందో అడగండి, బహుశా ఆటో దొరకట్లేదేమో, అత్తగారు మంచాన పడి ఉందేమో. కొత్తగా వచ్చినవాళ్ళతో వాక్యం చదివించాలంటే పేజీ నంబరు చెప్పండి, పక్కన ఒకరిని కూర్చోబెట్టండి. సాక్ష్యాలప్పుడు లైవ్ ఆపేయండి, మా సంఘంలో ఆపేస్తున్నాం, అప్పట్నుంచి ఆడవాళ్ళు కాస్త ధైర్యంగా లేచి మాట్లాడుతున్నారు. ఎవరినైనా అందరిలో అనేసి ఉంటే, ఆ మాట తప్పని తర్వాత మనసుకి తోస్తే, మళ్ళీ ఆదివారం అదే మైకులో ఒక్క మాట వాళ్ళ పేరున చెప్పండి, దానికి ఎంతో సమయం పట్టదు. ప్రేమవిందు పొట్లాలు కట్టొద్దు, చాపలు వేయండి.

భోజనాలకి ఇంకా టైముంది. నేను అన్నదాంట్లో మీకు ఒప్పుకోలేనిది ఏదైనా ఉంటే పెద్దలు ముందుగా మాట్లాడండి, తర్వాత అక్కలు, చెల్లెళ్ళు కూడా మాట్లాడాలి, వాళ్ళు వెనక వరసల్లో ఉన్నారు కాబట్టి కార్డ్‌లెస్ మైకు అటు పంపించండి తమ్ముడూ.