విందు చక్రవర్తిది, ఖర్చు ఎవరిది?

సభకు నమస్కారం.

రోమన్ చక్రవర్తుల విచ్చలవిడితనం అనగానే కలిగులా గుర్రమే గుర్తొస్తుంది. దాన్ని కాన్సుల్‌ను, అంటే రోమ్‌లో అత్యున్నత పదవిలో ఉండే అధికారిని, చేశాడని చెప్పుకుంటారు గానీ, రోమన్ చక్రవర్తుల జీవిత చరిత్రలు రాసిన సూటోనియస్ రాసింది చేయాలనుకున్నాడట అని మాత్రమే. అదీ కలిగులా పోయిన దాదాపు 80 ఏళ్లకు. కాబట్టి పడకగది కబుర్లు పక్కనపెట్టి ఖజానా లెక్కలు చూద్దాం. పతనం అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

క్రీ.శ. 37లో కలిగులాకు ముందటి చక్రవర్తి టిబేరియస్ పోయేనాటికి ఖజానాలో 270 కోట్ల సెస్టెర్షియస్‌లు (రోమన్ నాణేలు) మిగిలాయంటాడు సూటోనియస్. లెజియన్ అంటే సుమారు అయిదు వేల మంది సైనిక దళం; అందులో మామూలు సైనికుడి ఏడాది జీతం అప్పుడు 900. అంటే 25 లెజియన్లకు ఇరవై ఏళ్లు జీతాలిచ్చినా తరగని సొమ్ము. కలిగులా దాన్ని ఏడాది తిరక్కుండానే ఊదేశాడట. అంకె కాస్త పెంచి చెప్పారనుకున్నా, ఇటలీలోని నేమి సరస్సులో అతని ఓడలు నిజం. సుమారు 70 మీటర్ల పొడవు, పాలరాతి పలకలు, మొజాయిక్ నేలలు. 1928 తర్వాత నీళ్లు తోడి వాటిని బయటపెట్టారు, 1944లో కాలిపోయాయి. 39లో ఇటలీ తీరాన బాయే దగ్గర సరకు ఓడలను వంతెనలా వరసగా నిలిపి, మీద మట్టి పోయించి, సముద్రం మీద స్వారీ చేశాడు. అవి ధాన్యం మోయాల్సిన ఓడలు. రోమ్‌లో తిండికి కటకట వచ్చిందని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు.

డబ్బు అయిపోతే ఏం చేసేవారు? రాజద్రోహ చట్టం చేతిలో ఉంది. ఎవరో ఒకరు ఆరోపణ చేస్తారు, విచారణ నడుస్తుంది, ఆస్తి జప్తవుతుంది, అందులో నాలుగో వంతు ఆరోపణ చేసినవాడికి. ఇక సాక్ష్యాలకు కొదవేముంది? ఆఫ్రికా ప్రావిన్సులో సగం నేల ఆరుగురి చేతిలో ఉండగా, తర్వాత చక్రవర్తైన నీరో వాళ్లను చంపించాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

64 జులైలో రోమ్ తగలబడింది. కాలిన చోట నీరో తన బంగారు భవనం మొదలుపెట్టాడు: మధ్యలో సరస్సు, ముంగిట 120 అడుగుల సొంత విగ్రహం, పూలూ అత్తరూ కురిసే దంతపు పైకప్పులు. జప్తులు సరిపోలేదు. ఒక రోమన్ పౌను బరువు వెండికి 84 డెనారియస్‌లు (వెండి నాణేలు) కొట్టే చోట 96 కొట్టించాడు, పైగా రాగి కలిపించాడు. ఈ దెబ్బ అన్నిటికంటే లోతైనదని నా అభిప్రాయం. హంతకుడైన రాజు పోతే హత్యలు ఆగుతాయి, నాణెంలో కల్తీ మాత్రం తర్వాతివాళ్లకూ అలవాటైపోతుంది. 260ల నాటికి రోమన్ వెండి నాణెం దాదాపు రాగి బిళ్లే. మన తెలుగు నేల మీద దొరికిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టిబేరియస్ బొమ్మలవే ఎక్కువ. పాత వెండి విలువ ఇక్కడి వర్తకులకూ తెలుసు.

మిగిలింది కాపలాదళం. 41లో కలిగులాను చంపింది ఆ దళం, అంటే ప్రెటోరియన్ల, అధికారులే. సింహాసనమెక్కిన క్లాడియస్ ఆ దళంవాళ్లకు తలా 15,000 సెస్టెర్షియస్‌లు ఇస్తానన్నాడు. అదే రివాజైంది. 69లో చక్రవర్తి గాల్బా ఇవ్వనన్నాడు, చంపేశారు. చక్రవర్తి కమోడస్ ఖాళీ చేసి పోయిన ఖజానాను సరిదిద్దబోయిన కొత్త చక్రవర్తి పెర్టినాక్స్‌ను 193లో 87 రోజులకే చంపి, శిబిరం గోడ మీంచి పదవిని వేలం వేశారు. డిడియస్ జూలియానస్ తలా 25,000కు పాడుకున్నాడు. 66 రోజులు ఏలాడు.