ఫిజిక్సా, కంప్యూటర్ సైన్సా: ముందు టైమ్‌టేబుల్ తీయండి

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చెప్పినదాంట్లో సగం తీసేయండి, అప్పుడు సరిపోతుంది. నాకు పావుగంట ఇచ్చారు, అందులో మూడు నిమిషాలు మైకుకే పోయాయి. వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకటే దండం పెట్టి విషయంలోకి వస్తాను.

కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి, మొహమాటపడకండి. చూశారా, ముందు ముగ్గురే ఎత్తారు, ఇప్పుడు హాల్లో సగం చేతులు లేచాయి. ఎందుకమ్మా ఆ సిగ్గు? రెండేళ్ళు చదివి, మిగతా డిగ్రీకి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే ఇలాంటి కాలేజీలు కాలిఫోర్నియాలో 116 ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లోనే నేనూ చదివాను. రెండేళ్ళ చదువని వెళ్ళి మూడేళ్ళు ఉన్నాను. ఆ మూడో ఏడాది సంగతి చెప్పుకోవడానికే వచ్చానని నన్ను పిలిచినవాళ్ళకు తెలియదు పాపం.

చేరిన మొదటి వారం కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. "ఫిజిక్స్ అనుకుంటున్నానండీ, కంప్యూటర్ సైన్స్ కూడా మనసులో ఉంది" అన్నాను. ఆయన స్క్రీన్ మీద ఏదో చూసి ఒక ఫిజిక్స్ క్లాసులో వేశారు. పేరులో ఫిజిక్స్ ఉంది, ఇంకేం కావాలి? రెండు సెమిస్టర్లు చదివాను, రెండిట్లోనూ ఎ గ్రేడ్ వచ్చింది. ఇంట్లో ఫోన్ చేసి చెప్పుకున్నాను కూడా.

ఆ వేసవిలో తెలిసింది. నేను చదివింది ఆల్జీబ్రాతో చెప్పే ఫిజిక్స్. బయాలజీ వైపు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా తీసుకునేది. ఫిజిక్స్ మేజర్‌కు, అంటే డిగ్రీలో ముఖ్య సబ్జెక్టుకు గానీ, ఇంజినీరింగ్‌కు గానీ కావలసింది క్యాలిక్యులస్‌తో చెప్పే ఫిజిక్స్. అది వేరే వరస. అందులో మూడు క్లాసులు ఒకదాని తర్వాత ఒకటి చేయాలి, మా కాలేజీలో రెండు కలిపి చేయనివ్వరు. రెండో ఏడాది ఫాల్‌లో, అంటే ఆగస్టు సెమిస్టర్‌లో మొదటిది, స్ప్రింగ్‌లో, అంటే జనవరి సెమిస్టర్‌లో రెండోది చేశాను. మూడోది మిగిలిపోయింది. నేను వెళ్ళాలనుకున్న యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను ఫాల్‌లోనే చేర్చుకుంటుంది. ఒక్క క్లాసు కోసం ఒక ఏడాది. ఆ కౌన్సెలర్ మీద నాకిప్పుడు కోపం లేదని చెబితే బాగుంటుంది. కానీ ఉంది.

సరే, అంశానికి వస్తాను. ఫిజిక్సా, కంప్యూటర్ సైన్సా అని మీరు రాత్రిళ్ళు ఆలోచిస్తుంటారు. ఏదో ఒక రోజు మనసు స్పష్టంగా చెబుతుందని ఎదురు చూస్తుంటారు. మనసు చెప్పేలోపు టైమ్‌టేబుల్ చెప్పేస్తుంది. లెక్క చూడండి. మొదటి సెమిస్టర్‌లో మొదటి క్యాలిక్యులస్. అది అయ్యాకే చాలా కాలేజీల్లో అసలు ఫిజిక్స్ మొదలవుతుంది. రెండు, మూడు, నాలుగు సెమిస్టర్లలో ఆ మూడు ఫిజిక్స్ క్లాసులు. నాలుగు సెమిస్టర్లూ నిండిపోయాయి, ఖాళీ లేదు. ఒకటి జారితే నాలాగే.

అయితే ఇందులో ఒక మంచి మాటా ఉంది. మొదటి ఏడాదంతా రెండు దారులూ దాదాపు ఒకటే. క్యాలిక్యులస్ రెండిటికీ కావాలి. లీనియర్ ఆల్జీబ్రా రెండిటికీ పనికొస్తుంది. యూనివర్సిటీ ఇంజినీరింగ్ విభాగంలో ఉండే కంప్యూటర్ సైన్స్‌కు చాలా చోట్ల మొదటి రెండు ఫిజిక్స్ క్లాసులు అడుగుతారు. ఫిజిక్స్ వాళ్ళు చాలా చోట్ల ఒక ప్రోగ్రామింగ్ క్లాసు అడుగుతారు. విడిపోయేది కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు కావలసిన డేటా స్ట్రక్చర్లు, డిస్క్రీట్ మ్యాథ్స్ క్లాసులు వచ్చినప్పుడు. అంటే మూడో సెమిస్టర్‌లో. యూనివర్సిటీ దరఖాస్తు కూడా ఆ సెమిస్టర్‌లోనే, నవంబర్‌లో. కాబట్టి మీరు తేల్చుకోవలసిన రోజు మొదటి ఏడాది చివర ఫాల్ క్లాసులకు రిజిస్టర్ చేసుకునే రోజు. అంతవరకూ టెన్షన్ పడకుండా రెండూ చదవండి. ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అసిస్ట్ అనే వెబ్‌సైటులో కాలేజీల వారీగా ఉంటుంది. కౌన్సెలర్ చెప్పినా, నేను చెప్పినా, అందులో చూసుకున్నాకే నమ్మండి.

వెనక వరసలో నాన్నగార్లు గుసగుసలాడుతున్నారు. ఏమంటున్నారో నాకు తెలుసు. "ఫిజిక్స్‌లో సీటు సులువు, చేరాక కంప్యూటర్ సైన్స్‌కు మారిపోవచ్చు." అన్నయ్యా, ఈ సలహా మన ఇళ్ళల్లో తెగ తిరుగుతోంది, దయచేసి ఆపండి. కంప్యూటర్ సైన్స్‌కు గిరాకీ ఉన్న క్యాంపస్‌లలో లోపలికి వెళ్ళాక అందులోకి మారడం చాలా కష్టం, కొన్ని చోట్ల అసలు కుదరదు. అటునుంచి ఇటు రావడమే సులువు. ట్రాన్స్‌ఫర్ సీటుకు ముందే హామీ ఇచ్చే పద్ధతి ఒకటుంది, ట్యాగ్ అంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఆరు క్యాంపస్‌లే ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియెగో ఇవ్వవు. ఇచ్చే ఆరింటిలోనూ కొన్ని చోట్ల కంప్యూటర్ సైన్స్‌కు హామీ ఉండదు. ఇవన్నీ చూసుకోకుండా దొడ్డిదారి లెక్కలు వేస్తే పిల్లవాడు తనకు ఇష్టంలేని ఫిజిక్స్‌తో రెండేళ్ళు కాపురం చేయాలి.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, దేనికి భవిష్యత్తు ఉందని. 2024లో ఫిజిక్స్ నోబెల్ ఇప్పటి ఏఐకి పునాది అయిన న్యూరల్ నెట్‌వర్కుల పనికి ఇచ్చారు, హాప్‌ఫీల్డ్‌కూ హింటన్‌కూ. మన తెలుగాయన రాజ్ రెడ్డి గారు 1994లో కంప్యూటర్ సైన్స్‌కు నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన మొదటి డిగ్రీ సివిల్ ఇంజినీరింగ్, చెన్నైలోని గిండీ కాలేజీలో. ఇంతకంటే ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

నేనెలా తేల్చుకున్నానో చెప్పి దిగిపోతాను. ఆ పోయిన మూడో ఏడాదిలో ఒక ల్యాబ్ ఉండేది. లోలకం ఊపి భూమ్యాకర్షణ త్వరణం కొలవాలి. 9.8 రావాలి, నాకు 9.42 వచ్చింది. మళ్ళీ చేశాను, 9.42. స్టాప్‌వాచ్ మార్చాను, 9.42. రెండు గంటల తర్వాత దొరికింది. దారం పొడవు 50 సెంటీమీటర్లని గుండు పైభాగం దాకా కొలిచాను. గుండు మధ్య దాకా కొలవాలి, ఇంకో రెండు సెంటీమీటర్లు. అవి కలిపితే 9.8 వచ్చింది. ఆ రెండు గంటలూ నాకు విసుగు రాలేదు. అబద్ధమెందుకు, సంతోషంగా ఉంది.

అదే వారం ఆ లెక్కలకే ప్రోగ్రామ్ రాశాను. వంద కొలతల సగటు తీయాలి. జవాబు లక్షల్లో వస్తోంది. తెల్లవారుజామున రెండింటికి కనపడింది, లూప్ నూరు దాటి నూటొకటో చోటు కూడా చదువుతోంది, అక్కడున్న చెత్త కలిసిపోతోంది. ఒక్క గుర్తు తప్పు. దిద్దాను, సరైంది, ల్యాప్‌టాప్ మూసి పడుకున్నాను. సంతోషమేమీ లేదు, అమ్మయ్య అనిపించిందంతే. పక్క రూమువాడికి సరిగ్గా తిరగబడింది. ల్యాబ్ అంటే తలనొప్పి, అలాంటి తప్పు దొరికితే వరండాలో గంతులు వేసేవాడు. నేను ఫిజిక్స్‌కు వెళ్ళాను, వాడు కంప్యూటర్ సైన్స్‌కు. ఇద్దరం ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. అది వేరే సంగతి, దానికి ఇంకో సభ పెట్టాలి.

చీటీ వచ్చింది. రెండోసారి వచ్చింది, మొదటిది చూడనట్టు నటించాను. ప్రశ్నలకు సమయం లేదట. నేను ఆ తలుపు పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. ఈ సెమిస్టర్ ఫిజిక్స్ తీసుకున్నవాళ్ళు ఫోన్‌లో కోర్సు వివరాలు తెరిచి రండి. క్యాలిక్యులస్ అన్న మాట అందులో ఉందో లేదో ముందు అది చూద్దాం.