రూట్ సెల్లార్ మన పెరట్లో పనిచేస్తుందా?

[తెర మీద: మంచు పడుతున్న పెరడు, నేలలోకి దిగే చెక్క తలుపు]

అమెరికా వీడియోల్లో ఈ నేలమాళిగను చూసే ఉంటారు. చలికాలం ముందు క్యారెట్లు, బీట్‌రూట్లు లోపల పెడితే నెలల తరబడి గట్టిగా ఉంటాయి. మన పెరట్లోనూ ఒకటి తవ్విద్దామా అనిపించిందా? పార కాస్త కింద పెట్టండి.

బాగా లోతుకు వెళ్తే నేల వేడి ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. అమెరికాలోని చలి రాష్ట్రం వర్మాంట్‌లో అది పది డిగ్రీల లోపే. హైదరాబాద్‌లో 26, 27. క్యారెట్‌కు కావాల్సిందేమో సున్నాకూ నాలుగుకూ మధ్య. ఎంత తవ్వినా లాభం లేదు.

"మా తాతలు పాతరలు వేయలేదా?" అంటారేమో. వేశారు, కానీ వాటిలో పోసింది ఎండిన జొన్నలు. గాలి ఆడకుండా మూసేస్తే పురుగు చచ్చేది. అక్కడ వంకాయలు పెడితే వారానికే కుళ్లు.

[తెర మీద: చెమర్చిన మట్టికుండ]

మనకు అక్కరకొచ్చేది ఈ కుండ. నీళ్లు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతాయి. ఈ కిటుకుతోనే 1980ల్లో ఢిల్లీ పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ జీరో ఎనర్జీ కూల్ ఛాంబర్ అనే ఇటుకల చల్లపెట్టె తయారుచేసింది. కరెంటు అక్కర్లేదు.

[తెర మీద: ఇటుకలు పేరుస్తున్న చేతులు]

దాన్ని మనమే కట్టుకోవచ్చు. నీడగా, గాలి తగిలే చోట ఇటుకలు పరవండి. వాటి మీద రెండు వరుసల గోడ, మధ్యలో మూడంగుళాల సందు. ఎత్తు రెండడుగుల పైచిలుకు. సందులో ఇసుక నింపండి. సిమెంటు పూత మాత్రం వద్దు, ఇటుక నీళ్లు పీల్చాలి. మూతకు వెదురు తడిక, దాని మీద గోనెపట్టా. పొద్దునా సాయంత్రం ఇసుకనూ గోనెనూ తడపండి. కూరగాయలు క్రేట్లలో ఉండాలి, నీళ్లు వాటి మీద పడకూడదు.

బయట 42 ఉన్న రోజు లోపల పది డిగ్రీలకు పైగా తగ్గుతుంది. సాయంత్రానికే వాడిపోయే తోటకూర రెండు మూడు రోజులు నిలుస్తుంది.

కాకినాడ, విశాఖ వాళ్లు ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఉక్కపోతలో మనకే చెమట ఆరదు, ఇసుకలో నీళ్లేం ఆరతాయి? అనంతపురం, కర్నూలు, తెలంగాణ వేసవికి ఇది సరిగ్గా సరిపోతుంది. వానాకాలంలో ఎక్కడైనా అంతంతమాత్రమే.

ఉల్లి, వెల్లుల్లి ఇందులో పెట్టొద్దు, మొలకలొస్తాయి. వాటికి పొడిగాలే కావాలి. బూడిద గుమ్మడిని తొడిమతో సహా ఉట్టిలో వేలాడదీస్తే సరి.

ఖర్చు పెట్టే ముందు చూసుకోవాలంటే పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోయండి. ముందు కొత్తిమీర, పచ్చిమిర్చి పెట్టి చూడండి.