తిరగని బేరింగు ఎందుకు అరిగింది?

నమస్కారం. నా చేతిలోని ఈ బేరింగును కాస్త దగ్గరగా చూడండి. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అదనంగా పెట్టుకున్న పంపు మోటారులోనిది. తోతాపురి సీజనంతా పక్క పంపే నడిచింది, ఇది ఒక్కరోజూ తిరగలేదు. చివరికి అవసరపడి స్విచ్ వేస్తే ఒకటే గరగర. విప్పితే ఉక్కు గుండ్లు దొర్లే లోపలి రింగు మీద వరుసగా గుంటలు! గుండుకూ గుండుకూ మధ్య ఎంత ఎడమో, గుంటల మధ్యా అంతే ఎడం. చుట్టూ మన ఎర్రమట్టి లాంటి పొడి.

గ్రీజు తక్కువైందన్నారు అక్కడి ఫిట్టరు. గ్రీజు నిండుగానే ఉంది. చిక్కటిది, ఖరీదైనది కూడా.

జరిగింది ఇది. పక్క పంపు అదురు రాత్రింబగళ్లు ఈ మోటారుకు సోకుతూనే ఉంది. గుండు దొర్లదు, ఉన్నచోటే మిల్లీమీటరులో పదోవంతు కూడా లేని దూరం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దీన్నే ఫ్రెటింగ్ అంటారు. తిరిగే బేరింగు ప్రతి చుట్టులోనూ గ్రీజులోని నూనెను గుండు ఆనే చోటికి తెచ్చుకుంటుంది. ఇక్కడ చుట్టే లేదు. నూనె పక్కకు తోసుకుపోయిందంటే, చిక్కటి గ్రీజు నుంచి మళ్లీ ఊరి రాదు. పొడిబారిన ఉక్కుకు గాలి తగిలి ఎర్ర ఆక్సైడు పుడుతుంది. బయటికి దారిలేని ఆ పొడి అక్కడే సానరాయిలా ఉక్కును అరగదీస్తుంది. 1930లలో అమెరికాలో రైళ్లలో పంపిన కొత్త కార్ల చక్రాల బేరింగులూ ఇలాగే దెబ్బతిన్నాయి, రోడ్డెక్కకముందే!

చిక్కటి గ్రీజే కాపాడుతుందన్న నమ్మకం మన వర్క్‌షాపుల్లో బలంగా ఉంది. దయచేసి ఈ ఒక్కచోట దాన్ని వదలండి. ఇక్కడ నూనె గాలిని అడ్డుకోవాలి, పోయిన చోటికి తిరిగి రావాలి. అందుకు పలుచటి నూనెతో చేసిన మెత్తటి గ్రీజు మేలు. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే జారుడు పొడి కలిసినదైతే, నూనె తగ్గినప్పుడు కూడా ఆ పొడి పొర ఉక్కును ఉక్కు తాకకుండా కొంత కాస్తుంది.

అయినా గ్రీజు ఒక్కటే చాలదు. పంపు కింద రబ్బరు దిమ్మలు వేయించండి. వారానికోసారి కరెంటు పూర్తిగా తీసేసి, షాఫ్టును చేత్తో ఒకటింపావు చుట్టు తిప్పండి. గుండ్లు కొత్తచోట ఆనుతాయి, నూనె మళ్లీ పరుచుకుంటుంది. ఆ ఫిట్టరు ఇప్పుడు షాఫ్టు మీద సుద్దగీత గీసి, ప్రతి సోమవారం అది ఎక్కడ ఆగిందో పుస్తకంలో రాసుకుంటున్నారు.