అర్ధకోణ సూత్రాల్లో ఆ ప్లస్ ఆర్ మైనస్ ఎందుకు?

అందరికీ నమస్కారం.

అర్ధకోణ సూత్రం నోటికి వచ్చినవాళ్లకు కూడా వర్గమూలం ముందున్న ± గుర్తు దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఈ పూట ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

సూత్రం పుట్టుక చిటికెలో తేలిపోతుంది. కాస్ 2ఆల్ఫా = 1 − 2 సైన్²ఆల్ఫా అని మీకు తెలుసు. ఆల్ఫా బదులు థీటా/2 వేసి అటూ ఇటూ మారిస్తే సైన్²(థీటా/2) = (1 − కాస్ థీటా)/2. అలాగే కాస్²(థీటా/2) = (1 + కాస్ థీటా)/2. వీటిని విడిగా బట్టీ పట్టడం దండగ. మైనస్ ఎవరిదో అనుమానమొస్తే థీటాకు సున్నా వేసి చూడండి, సైన్ సున్నా కావాలి కదా!

ఇప్పుడొక లెక్క. కాస్ థీటా = −7/25, థీటా మూడో పాదంలో ఉంది. మూడో పాదమే కదా అని సగం కోణం సైన్‌కీ, కాస్‌కీ మైనస్ తగిలించేస్తారు చాలామంది. చూడాల్సింది థీటా ఉన్న పాదం కాదు, థీటా/2 ఉన్న పాదం. థీటా 180°, 270° మధ్య ఉంటే సగం 90°, 135° మధ్య పడుతుంది. అది రెండో పాదం. కాబట్టి సైన్(థీటా/2) = 4/5, కాస్(థీటా/2) = −3/5. సరిచూడండి: సైన్ థీటా = 2 సైన్(థీటా/2) కాస్(థీటా/2) = 2 × 4/5 × (−3/5) = −24/25. మూడో పాదంలో సైన్ రుణమే, సరిపోయింది.

అదే థీటాకు 360° కలపండి. వృత్తం మీద బిందువు కదలదు, కాస్ థీటా మారదు. సగం కోణం మాత్రం 180° జరుగుతుంది, దాని సైన్, కాస్ రెండూ గుర్తు మార్చుకుంటాయి. అంటే, గుర్తు తేల్చే సమాచారం కాస్ థీటాలో అసలు లేదు. ఆ ± చెప్పేది అదే.

మరి టాన్? 180° జరిగినా దాని విలువ మారదు. అందుకే దానికి ± అక్కర్లేని సూత్రం ఉంది: టాన్(థీటా/2) = సైన్ థీటా/(1 + కాస్ థీటా). బొమ్మ గీస్తే ఇది కంటికే కనిపిస్తుంది. ఏకక వృత్తం గీసి, ఎడమ చివరి బిందువు (−1, 0) నుంచి (కాస్ థీటా, సైన్ థీటా)కు గీత కలపండి. కేంద్రం దగ్గర కోణం థీటా అయితే పరిధి మీద కోణం దానిలో సగం. ఆ సగం కోణం టాన్ అంటే ఆ గీత వాలే. అది ఎంత? పైకి సైన్ థీటా, అడ్డంగా 1 + కాస్ థీటా. నాకు ఈ అధ్యాయం మొత్తంలో ఇంతకన్నా అందమైన బొమ్మ లేదు.

ఈ సగం చేసే పని పాతదే. వరాహమిహిరుడి ఖగోళ గ్రంథం పంచసిద్ధాంతికలో సైన్² సూత్రం ఉంది. 30°ని మూడుసార్లు సగం చేస్తే 3°45′ వస్తుంది. ఆర్యభటుడి 24 విలువల జ్యా (అంటే సైన్) పట్టికలో ఒక్కో మెట్టు అంతే.

టాన్‌కు (1 − కాస్ థీటా)/సైన్ థీటా అనే రూపం కూడా ఉంది. కాగితం మీద రెండూ ఒకటే, కాలిక్యులేటర్‌లో కాదు. థీటా 0.000001 రేడియన్లు అనుకోండి. పది అంకెలకు కుదిస్తే కాస్ విలువ 1 అయిపోతుంది, లవం సున్నా, జవాబూ సున్నా. మొదటి రూపంలో వేస్తే 0.0000005 చక్కగా వస్తుంది. 180° దగ్గర వ్యవహారం తిరగబడుతుంది, అక్కడ రెండోదే వాడండి.